నాన్నగారు దాన్ని పైరవీ అంటున్నారు

ప్రశ్న: మేడమ్, నమస్కారం. మాది గుంటూరు దగ్గర పల్లెటూరు. పదకొండేళ్ళుగా టెక్సస్‌లో, డల్లాస్‌కు ఉత్తరాన ఉంటున్నాం. తొమ్మిదేళ్ళ నుంచి ఒక కమ్యూనిటీ కాలేజీ (రెండేళ్ళ కోర్సులుండే స్థానిక ప్రభుత్వ కాలేజీ) డేటా ఆఫీసులో పనిచేస్తున్నాను. రాష్ట్ర ఉన్నత విద్యా కోఆర్డినేటింగ్ బోర్డుకు విద్యార్థుల, క్లాసుల లెక్కలు చెప్పే సీబీఎం రిపోర్టులన్నీ నా చేతి మీదుగానే వెళ్తాయి. పోయిన నెల మా ప్రెసిడెంట్‌గారు పిలిచి, ప్రభుత్వ సంబంధాల విభాగానికి డైరెక్టర్‌గా ఉంటారా అని అడిగారు. ఇంతకుముందున్నాయన రిటైరయ్యారు. రాష్ట్ర శాసనసభ్యులతో, అమెరికా కాంగ్రెస్ సభ్యుల ఆఫీసులతో మాట్లాడటం, కాలేజీ తరఫున వాదించడం, నిధులు రాబట్టడం, ఇదీ పని. జీతం పెరుగుతుంది. కానీ నాకు నలుగురిలో మాట్లాడాలంటే టెన్షన్. ఇంగ్లీషు మాట్లాడినా గుంటూరు యాసే వినిపిస్తుంది. గ్రీన్ కార్డు ఉంది, పౌరసత్వం ఇంకా రాలేదు. ఓటే లేని మనిషి మాట ఎవరు వింటారు? నాన్నగారికి ఫోన్లో చెబితే ‘ఇంత చదువుకుని పైరవీ పనికి పోతావా అమ్మా’ అన్నారు. అప్పటి నుంచి మనసు బాగాలేదు. రెండేళ్ళకోసారి జరిగే రాష్ట్ర శాసనసభ సెషన్ వచ్చే జనవరిలో మొదలవుతుంది. ఈ ఉద్యోగం తీసుకోమంటారా? తీసుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక సోదరి, టెక్సస్

సమాధానం: ముందు మీ నాన్నగారి మాట తేల్చుకుందాం. మిగతా భయాలన్నీ దాని వెనకాలే నిలబడి ఉన్నాయని నాకనిపిస్తోంది.

ఆయన్ని తప్పుపట్టలేం. మన ఊళ్ళలో ప్రభుత్వంతో సంబంధం అంటే ఆయన చూసింది అదే కదా. పొద్దున్నే ఆరింటికి ఎమ్మెల్యేగారి ఇంటి ముందు నిలబడటం, పీఏ చుట్టూ తిరగడం, బదిలీకో సీటుకో ఒక సిఫారసు ఉత్తరం పుట్టించడం. వరసలో నిలబడ్డవాణ్ణి పక్కకు నెట్టి మనవాణ్ణి ముందుకు తోస్తే అది పైరవీ. తలుపు చాటున జరుగుతుంది, కాగితం మిగలదు. అయితే ఆయన ఇంకొకటి కూడా చూసే ఉంటారు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. జనం పేరు, ఊరు, సమస్య రాసుకుని వచ్చి, అందరి ముందూ ఇచ్చి, రసీదు తీసుకుని వెళ్తారు. మిమ్మల్ని చేయమంటున్న పని ఈ రెండోదానికి దగ్గర. ఈసారి ఫోన్ చేసినప్పుడు ‘కొన్ని వేలమంది పిల్లల తరఫున అర్జీ రాసే పని నాన్నా’ అని చెప్పి చూడండి.

అమెరికాలో పైరవీ లేదని మాత్రం నేను చెప్పను. సెషన్ రోజుల్లో రాష్ట్ర రాజధాని ఆస్టిన్ హోటళ్ళలో ఎవరి భోజనం బిల్లు ఎవరు కడుతున్నారో చూస్తే మీ నాన్నగారికి కొత్తగా ఏమీ అనిపించదు. కాకపోతే ఆ పందెంలో కమ్యూనిటీ కాలేజీ దిగలేదు. పన్నుల డబ్బుతో నడిచే సంస్థ, ఎవరి ఎన్నికల ఖర్చుకూ ఒక్క డాలరు ఇవ్వడానికి లేదు. చమురు కంపెనీ మనిషి పట్టుకెళ్ళగలిగింది మీరు పట్టుకెళ్ళలేరు. మరి మీ చేతిలో ఏముంది? ఆ సభ్యుడి నియోజకవర్గంలో ఉన్న మీ విద్యార్థులు, వాళ్ళ గురించి మీరు చెప్పే నిఖార్సైన లెక్క. ఇవి రెండే. నేను పద్నాలుగేళ్ళు ఈ పని చేసి రిటైరయ్యాను. నాతోపాటు ఈ పనిలో ఉన్నవాళ్ళలో మాటకారులు చాలామంది. లెక్క తెలిసినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. మీ ప్రెసిడెంట్‌గారు మిమ్మల్ని ఊరికే పిలిచి ఉండరు.

ఇప్పుడే ఎందుకు పిలిచారో కూడా మీకు తెలుసు. 2023 దాకా రాష్ట్రం మన కాలేజీలకిచ్చే డబ్బు ప్రధానంగా కాంటాక్ట్ అవర్స్ మీద, అంటే క్లాసు గంటల లెక్క మీద వచ్చేది. ఆ ఏడు వచ్చిన హౌస్ బిల్ 8 ఆ లెక్కనే మార్చేసింది. విద్యార్థి చేతికి మార్కెట్లో విలువున్న సర్టిఫికెట్టో డిగ్రీయో వచ్చిందా, 15 క్రెడిట్ గంటలు పూర్తిచేసి యూనివర్సిటీకి మారాడా, హైస్కూల్లో ఉండగానే కాలేజీ క్రెడిట్ కూడా ఇచ్చే డ్యూయల్ క్రెడిట్‌లో 15 గంటలు సంపాదించాడా అన్నవాటి మీద ఇప్పుడు డబ్బు వస్తోంది. పేదింటి పిల్లలు, చదువులో వెనకబడి చేరినవాళ్ళు, 25 ఏళ్ళు దాటాక చదువుకొచ్చినవాళ్ళు గట్టెక్కితే కాస్త ఎక్కువ. ఒకప్పుడు సీబీఎం రిపోర్టులో తప్పు పడితే బోర్డు నుంచి ఒక మెయిల్ వచ్చేది. ఇప్పుడు కాలేజీకి రావాల్సిన డబ్బు తగ్గుతుంది. ఈ సూత్రంలో ఏ అంకె పెంచితే మీ కాలేజీకి ఏమవుతుందో మీ క్యాంపస్‌లో మీకంటే బాగా చెప్పగలిగేవాళ్ళు ఎవరున్నారు?

ఆ బిల్లు ఎలా పాసైందో చూస్తే మీరడిగిన ‘ఎక్కడ మొదలుపెట్టాలి’ అన్నదానికి సగం జవాబు దొరుకుతుంది. బయటివాళ్ళకు అది 2023 వసంతంలో ఆస్టిన్‌లో జరిగిన పనిలా కనిపిస్తుంది. నిజానికి 2021 సెషన్‌లోనే సెనేట్ బిల్ 1230 కింద కమ్యూనిటీ కాలేజీల నిధుల మీద ఒక కమిషన్ వేశారు. ఎల్ పాసో వ్యాపారవేత్త వుడీ హంట్ దానికి అధ్యక్షుడు. శాసనసభ్యులు, కాలేజీల వాళ్ళు అందరూ అందులో ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. సెషన్ లేని ఆ విరామంలో కాలేజీలు లెక్కలు పట్టుకొచ్చాయి, పోట్లాడుకున్నాయి, సర్దుకున్నాయి. చిన్న గ్రామీణ కాలేజీలకు ఒక భయం, హ్యూస్టన్, డల్లాస్ లాంటి పెద్దవాటికి ఇంకో భయం. చివరికి రాష్ట్రంలో ఉన్న 50 కమ్యూనిటీ కాలేజీ జిల్లాలూ ఒకే మాట మీదకు వచ్చాకే రాష్ట్ర ప్రతినిధుల సభ (హౌస్)లో గ్యారీ వాన్‌డీవర్, సెనేట్‌లో బ్రాండన్ క్రైటన్ బిల్లును నడిపించారు. సెషన్ తెరిచేనాటికి వాదన అయిపోయింది. మిగిలింది ఓటే.

కాబట్టి వచ్చే జనవరిలో మొదలుపెడదాం అనుకోకండి. 2027 జనవరి 12న సెషన్ మొదలవుతుంది, 140 రోజుల్లో, మే 31న ముగుస్తుంది. బిల్లులు ముందస్తుగా ఇవ్వడం 2026 నవంబర్ 9 నుంచే మొదలు. మామూలు బిల్లులకు గడువు మార్చి 12. ఆ 140 రోజుల్లో వేల బిల్లులు వచ్చిపడతాయి. 2023లో 8 వేలు దాటాయి. ఆ వరదలో కొట్టుకుపోతున్న సభ్యుడికి మీరు కొత్త మొహంతో వెళ్ళి కొత్త విషయం చెబితే తలూపుతాడు, చేయి కలుపుతాడు, అంతే. ఇల్లు కాలాక బావి తవ్వడం అంటే అదే.

మరి ఎప్పుడు దొరుకుతారు? ఇక్కడ మనకు ఒక సదుపాయం ఉంది. టెక్సస్ శాసనసభ్యుడి జీతం నెలకు 600 డాలర్లు. ఔను, ఆరువందలే. అందుకని ప్రతివాళ్ళకూ ఇంకో పని ఉంటుంది. ఒకాయన లాయరు, ఒకావిడ భూముల వ్యాపారం, ఒకాయనకు పశువుల క్షేత్రం. సెషన్ లేనప్పుడు వాళ్ళు మీ ఊళ్ళోనే ఉంటారు, మీ కిరాణా కొట్లోనే సరుకులు కొంటారు. ఈ నెలల్లో వాళ్ళను కాలేజీకి పిలవండి. పరిపాలనా భవనంలో కాన్ఫరెన్స్ గదికి మాత్రం కాదు. నర్సింగ్ విద్యార్థులు బొమ్మ రోగి మీద సూది ప్రాక్టీసు చేసే గదికి, వెల్డింగ్ షెడ్డుకు తీసుకెళ్ళండి. హెల్మెట్ పెట్టించి ఫొటో తీయించండి. అడగడానికి ఏమీ పట్టుకెళ్ళకండి. ‘ఇది మీ కాలేజీ, చూసి వెళ్ళండి’ అనండి, చాలు. అడగాల్సిన రోజు ఎలాగూ వస్తుంది.

ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో ఒక పని చేయండి, ఇది మీకు చెయ్యి తిరిగిన పనే. మీ విద్యార్థుల చిరునామాలను టెక్సస్ హౌస్, సెనేట్, కాంగ్రెస్ నియోజకవర్గాల వారీగా విడగొట్టండి. హౌస్ సభ్యుడికి సుమారు 1 లక్షా 94 వేలమంది జనం, సెనేటర్‌కు 9 లక్షల 40 వేలు. అమెరికా కాంగ్రెస్ సభ్యుడి కంటే మన రాష్ట్ర సెనేటర్‌కే ఎక్కువమంది ఉంటారు, ఎప్పుడు తలుచుకున్నా నాకు నవ్వొస్తుంది. 2025లో కాంగ్రెస్ హద్దులు మళ్ళీ గీశారు కాబట్టి పాత డైరెక్టర్‌గారి జాబితాను నమ్మకండి. ఇంకో చిక్కు కూడా ఉంది. మీకు ఆస్తి పన్ను కట్టే ప్రాంతం వేరు, మీరు చదువు చెప్పాల్సిన సేవా ప్రాంతం వేరు. పన్ను పరిధి బయటి పిల్లలు ఎక్కువ ఫీజు కడతారు. ఆ పిల్లల సభ్యుడికి దీనిమీద ఫోన్లు వస్తుంటాయి. ఆయన అడిగేలోపే మీ దగ్గర జవాబుండాలి.

ఆ జాబితా నుంచి ఒక్కో సభ్యుడికీ ఒక పేజీ తయారవుతుంది. ‘మీ నియోజకవర్గం నుంచి మా దగ్గర ఇంతమంది చదువుతున్నారు, అందులో ఇంతమంది ఫలానా హైస్కూల్ నుంచి డ్యూయల్ క్రెడిట్‌లో ఉన్నారు, పోయినేడు ఇంతమంది నర్సులయ్యారు.’ కాలేజీ మొత్తం లెక్క పేజీ అడుగున చిన్న అక్షరాల్లో వేయండి. రాష్ట్రం మొత్తానికీ కమ్యూనిటీ కాలేజీలు ఎంత మేలు చేస్తున్నాయో చెప్పే పని మన కాలేజీల రాష్ట్ర సంఘం చేస్తుంది. మీరు వెళ్ళేది ఆయన ఊరి సంగతి చెప్పడానికి.

పేజీ చివర ఏం కావాలో ఒక్కటి రాయండి. ఒక్కటే. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు పద్నాలుగు పేజీల రంగుల పుస్తకం పట్టుకెళ్ళి అందులో తొమ్మిది కోరికలు పెట్టాను. ఎదురుగా కూర్చున్నది సభ్యుడి ఆఫీసులో పనిచేసే, పాతికేళ్ళు కూడా లేని స్టాఫర్ అమ్మాయి. పది నిమిషాలు ఓపిగ్గా విని, ‘ఇప్పుడు మా బాస్ ఏం చేయాలి మేడమ్?’ అంది. నా దగ్గర జవాబు లేదు! ‘మాకు మద్దతివ్వండి’ అన్నది కోరిక కాదు. ఫలానా నంబరు బిల్లులో ఫలానా సెక్షన్‌కు ఈ మాట చేర్చండి, లేదా బడ్జెట్‌లో ఈ పద్దు తగ్గించకుండా చూడండి అన్నది కోరిక. ఆ వాక్యం రాయలేకపోతే అపాయింట్‌మెంట్ అడగకండి, వాళ్ళ టైమూ మీ టైమూ దండగ.

సభ్యుడు దొరకలేదు, స్టాఫరే దొరికిందని నిరుత్సాహపడే కొత్తవాళ్ళను చాలామందిని చూశాను. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని మనకు చిన్నప్పుడే తెలుసు కదా. రాత్రి రెండింటికి కమిటీ సవరణ చదివి, ఓటు ఎటు వేయాలో బాసుకు ఒక వాక్యంలో చెప్పేది ఆ అమ్మాయే. ఆ అమ్మాయి ఫోన్ చేస్తే గంటలో జవాబివ్వండి. తెలియకపోతే తెలియదు, ఫలానా టైముకు చెబుతాను అనండి, అన్న టైముకు చెప్పండి. రెండు సెషన్లు గడిచాక ఆమే మీకు ఫోన్ చేసి ‘ఇలా ఒక బిల్లు వచ్చింది, మీకు ఇబ్బందేమైనా ఉందా’ అని అడుగుతుంది. ఈ ఉద్యోగంలో అంతకంటే పెద్ద ప్రమోషన్ నేను చూడలేదు.

లెక్క దగ్గర నాకు తగిలిన దెబ్బ ఒకటి చెప్పాలి. ఒక ఏడు బడ్జెట్ కమిటీలోని ఒక సభ్యుడి ఆఫీసుకు, ఆయన నియోజకవర్గం నుంచి మా కాలేజీలో ఉన్న పిల్లల సంఖ్య ఇచ్చాను. ఆయన దాన్ని కమిటీలో మైకులో చదివారు. ఆ రాత్రి మా డేటా ఆఫీసు అబ్బాయి ఫోన్ చేసి, ‘అక్కా, ఫాల్ సెమిస్టరూ స్ప్రింగ్ సెమిస్టరూ కలిపేశారు, ఒక్కో పిల్లాణ్ణి రెండేసిసార్లు లెక్కపెట్టారు’ అన్నాడు. మా వైస్ ప్రెసిడెంట్ ‘ఎవరూ గమనించరు, వదిలెయ్’ అన్నారు. పొద్దున ఎనిమిదింటికి నేను ఆ ఆఫీసుకు వెళ్ళి, తప్పు నాదే, సరైన అంకె ఇదీ అని కాగితం ఇచ్చాను. స్టాఫ్ చీఫ్ మొహం మాడ్చుకున్నాడు. నెల రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. కానీ మళ్ళీ సెషన్‌లో వేరే కాలేజీ వాళ్ళ అంకెలు కూడా నాకు పంపి ‘ఇవి సరిగ్గానే ఉన్నాయా’ అని అడగడం మొదలుపెట్టాడు. అక్కడ ఫోన్ చేసిన అబ్బాయి పనే కదా ఇన్నాళ్ళూ మీరు చేస్తున్నది!

ఇక ఎవరూ చెప్పని సంగతి. ఈ పనిలో సగం ఆస్టిన్‌లో కాదు, మీ కాలేజీ లోపలే ఉంటుంది. మీ ట్రస్టీలు, అంటే కాలేజీ బోర్డు సభ్యులు, జనం ఎన్నుకున్నవాళ్ళు, ఒక్కొక్కరికీ ఎవరో ఒక శాసనసభ్యుడు స్నేహితుడు. ఆయన ఒక విందులో ‘మాకు కొత్త భవనం కావాలి’ అంటాడు. ఇంజనీరింగ్ డీన్ ఇంకొకరితో ‘మాకు యంత్రాలు కావాలి’ అంటాడు. మీరు వెళ్ళి ‘మాకు నర్సింగ్ టీచర్ల జీతాలకు డబ్బు కావాలి’ అంటారు. ముగ్గురి మాటా విన్న సభ్యుడు ఏం చేస్తాడు? ముగ్గురికీ నవ్వు ఇచ్చి పంపిస్తాడు. అందుకని ఎండాకాలంలోనే ట్రస్టీల చేత ఆ సెషన్‌కు ఏమడగాలో రెండు మూడు అంశాలు తీర్మానం చేయించుకోండి. ఆ కాగితం ఉంటే ‘డీన్‌గారూ, ఇది మన జాబితాలో లేదు’ అని చెప్పగలరు. లేకపోతే రోజూ ఎవరో ఒకరితో గొడవే. వివాదాస్పద విషయాల్లో కూడా అదే కాగితం మిమ్మల్ని కాపాడుతుంది. కాలేజీ అభిప్రాయం బోర్డుది. మీ సొంత అభిప్రాయం మీ ఇంట్లోనే ఉండాలి.

బయటి వార్త లోపలికి మోయడం కూడా మీ పనే. 2025 జూన్ 4 గుర్తుందా? 2001 నుంచి ఉన్న టెక్సస్ డ్రీమ్ యాక్ట్ మీద కేంద్ర న్యాయశాఖ కేసు వేయడం, రాష్ట్రం ఒప్పుకోవడం, కోర్టు ఆ చట్టాన్ని ఆపేయడం, మూడూ ఒకేరోజు జరిగాయి. పత్రాలు లేని పిల్లలకు, రాష్ట్ర నివాసులకిచ్చే తక్కువ ఫీజు సదుపాయం పోయింది. అలాంటి రోజున అడ్మిషన్స్ కౌంటర్ దగ్గర కూర్చున్న ఉద్యోగికి ఏం చెప్పాలో తెలియదు. హెచ్-4 మీద ఉన్న మనవాళ్ళ పిల్లలు కూడా బెంబేలెత్తి ఫోన్లు చేస్తారు, చట్టబద్ధంగా ఉన్నవాళ్ళ సంగతి వేరని వాళ్ళకెవరు చెప్పాలి? ఇలాంటివి వచ్చిన సాయంత్రానికల్లా ‘ఏం మారింది, ఏం మారలేదు, ఎవరిని అడగాలి’ అని అరపేజీ రాసి అన్ని కౌంటర్లకూ పంపే మనిషి కాలేజీకి కావాలి. శాసనసభ్యుణ్ణి కలిసిన ఫొటో కంటే ఆ అరపేజీకి విలువెక్కువ.

రూల్స్ విషయంలో నేను కాస్త చాదస్తం మనిషిని. లాబీయిస్టుగా, అంటే శాసనసభ్యుల దగ్గర ఒకరి తరఫున వాదించే మనిషిగా, టెక్సస్ ఎథిక్స్ కమిషన్ దగ్గర నమోదు కావాలా వద్దా అన్నది చేరిన వారంలోనే కాలేజీ లాయర్‌ని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. కేంద్ర గ్రాంటు డబ్బుతో లాబీయింగ్ కుదరదు, కాబట్టి మీ జీతం, ప్రయాణం ఏ పద్దు నుంచి వస్తున్నాయో చూసుకోండి. బాండ్ ఎన్నిక, అంటే కాలేజీ అప్పు తేవడానికి జనం ఓటు అడిగే ఎన్నిక, వస్తే ఇంకా జాగ్రత్త. బాండ్ ఎంత, దేనికి, పన్ను ఎంత మారుతుంది అని వివరం చెప్పొచ్చు. ‘ఓటేయండి’ అన్న ఒక్క ముక్క కాలేజీ ఖర్చుతో అచ్చేస్తే అది టెక్సస్‌లో నేరం. మీ మెయిళ్ళు ఎవరైనా సమాచార చట్టం కింద అడిగి తీసుకోవచ్చు. రేపు పేపర్లో వస్తే సిగ్గుపడే వాక్యం ఈరోజు టైప్ చేయకండి. దీపావళికి స్వీట్ల డబ్బా పట్టుకెళ్ళాలనిపిస్తుంది, నాకూ అనిపించేది. ముందు బహుమతుల రూల్ చదవండి. నేనైతే కాలేజీ వంటల కోర్సు పిల్లల్ని పిలిపించి మా క్యాంపస్‌లోనే అందరికీ పెట్టించేదాన్ని.

యాస గురించి దిగులుపడకండి. తూర్పు టెక్సస్ సభ్యుల ఇంగ్లీషు పట్టుకోవడానికి నాకే మూడేళ్ళు పట్టింది, వాళ్ళెవరూ దానికి క్షమాపణ చెప్పలేదు. మాట్లాడే టెన్షన్ మాత్రం నిజమే. కమిటీ ముందు ఇచ్చేది రెండు మూడు నిమిషాలు. మొదటి వాక్యం, ఆఖరి వాక్యం కంఠతా పట్టండి, మధ్యలోది మామూలుగా చెప్పండి. అసలు చాలాసార్లు మీరు మాట్లాడకపోవడమే మంచిది. రాత్రి షిఫ్టు చేసుకుంటూ నర్సింగ్ చదివే ఇద్దరు పిల్లల తల్లి మైకు ముందు కూర్చుంటే, సెల్‌ఫోన్లు చూసుకుంటున్న సభ్యులు తలెత్తుతారు. ఆమెకు మీరు మాటలు రాసివ్వకండి. ఎక్కడ పార్కింగ్, సాక్షిగా పేరు ఎక్కడ నమోదు చేయాలి, ‘అనుకూలం’ అని పెట్టాలా అన్నవి చూసుకోండి. ఒక స్వెటర్ కూడా పట్టుకెళ్ళండి. శాసనసభ భవనం క్యాపిటల్‌కు భూమి అడుగున ఒక ఎక్స్‌టెన్షన్ ఉంది, చాలా హియరింగులు అక్కడే. చలి ఎముకలు కొరుకుతుంది, ఒక్కోసారి మీ వంతు వచ్చేసరికి అర్ధరాత్రి దాటుతుంది.

ఓటు లేకపోవడం ఈ పనికి అడ్డు కాదు. మీరు కాలేజీ ఉద్యోగిగా వెళ్తున్నారు, కాలేజీ వెనక ఓటర్లున్నారు. అయితే ఒక్క విషయం గట్టిగా చెబుతున్నాను. ఈ ఉద్యోగంలో మీరు తిరిగే సభల్లో ఎక్కడ చూసినా ఓటరు నమోదు బల్ల ఉంటుంది, ఎవరో నవ్వుతూ ఫారం చేతిలో పెడతారు. పొరపాటున కూడా సంతకం చేయకండి. పౌరసత్వం రాకముందు ఓటరుగా నమోదైతే, పౌరసత్వం దరఖాస్తే చిక్కుల్లో పడుతుంది. క్యాపిటల్‌కు తీసుకెళ్ళే విద్యార్థులకు కూడా బస్సులోనే ఈ మాట చెప్పండి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు కేంద్ర ఎన్నికల్లో అభ్యర్థులకు చందా ఇవ్వడం చట్టప్రకారం తప్పు కాదు. అయినా ఈ కుర్చీలో ఉన్నన్నాళ్ళూ మీరు ఎవరికీ ఇవ్వకుండా ఉంటే రెండు పార్టీల తలుపులూ తెరిచే ఉంటాయి.

వాషింగ్టన్ సంగతి తక్కువగా చెబుతాను, మొదటి ఏడాది మీ బలం ఆస్టిన్ మీద పెట్టాలి కాబట్టి. ఫిబ్రవరిలో ట్రస్టీల జాతీయ సంఘం అక్కడ పెట్టే లెజిస్లేటివ్ సమిట్‌కు ప్రెసిడెంట్‌గారు, ఒకరిద్దరు ట్రస్టీలు వెళ్తారు, మీరూ వెళ్ళండి. కానీ ఒక్క విషయం వదలకండి. 2025 జులై 4న సంతకమైన చట్టంతో 2026 జులై 1 నుంచి పేద విద్యార్థులకు కేంద్రమిచ్చే పెల్ గ్రాంట్ చిన్న కోర్సులకూ వర్తిస్తుంది. 8 వారాల నుంచి 15 వారాల లోపు, 150 నుంచి 599 గంటల కోర్సులు. చేరినవాళ్ళలో నూటికి 70 మంది పూర్తిచేయాలి, 70 శాతానికి ఉద్యోగాలు రావాలి. ఏ కోర్సులకు ఇవ్వాలో మొదట తేల్చేది గవర్నర్. అంటే వాషింగ్టన్ చట్టమే అయినా మీరు తట్టాల్సిన తలుపు మళ్ళీ ఆస్టిన్‌లోనే ఉంది. రక్త నమూనాలు తీయడం లాంటి కోర్సుల లెక్కలు ఇప్పటిదాకా డిగ్రీ క్రెడిట్ ఇవ్వని కోర్సుల విభాగంలో ఎవరో ఎక్సెల్ షీటులో ఉంచుకుని ఉంటారు. ఆ షీటు తెచ్చుకోండి. అది ఎంత గందరగోళంగా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

మన తెలుగువాళ్ళ గురించి ఒక మాట. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వైపు మనవాళ్ళ పిల్లలు హైస్కూల్లోనే డ్యూయల్ క్రెడిట్‌తో క్రెడిట్లు పోగుచేసుకుని యూనివర్సిటీలో ఏడాది ఫీజు మిగుల్చుకుంటున్నారు. అయినా సంఘం కార్యక్రమాల్లో కమ్యూనిటీ కాలేజీ పేరెత్తితే కొందరికి మొహమాటం. ఆ కుటుంబాల్లో ఒకరిద్దరు తల్లిదండ్రులు సభ్యుడి ఆఫీసుకు వెళ్ళి ‘మా అమ్మాయి ఇక్కడే చదివింది’ అని చెబితే మీకెంత బలమో ఆలోచించండి. మన జనం చందాలిచ్చి ఫొటోలు దిగుతారు, పని అడగరు. అడగనిదే అమ్మయినా పెట్టదని వాళ్ళకు గుర్తుచేయగలిగిన మనిషి ఆ కుర్చీలో ఉండటం నాకిష్టం.

తీసుకోండి. కానీ సంతకం పెట్టే ముందు ప్రెసిడెంట్‌గారిని మూడు అడగండి. నేను నేరుగా మీకే రిపోర్ట్ చేస్తానా, లేక మార్కెటింగ్ వైస్ ప్రెసిడెంట్ కిందా? మార్కెటింగ్ కింద అయితే మీ చేత ఫొటోలూ ప్రకటనలూ రాయిస్తారు, వద్దనండి. బోర్డు మీటింగుల్లో నాకు కుర్చీ ఉంటుందా? సీబీఎం రిపోర్టుల పని నా దగ్గర నుంచి ఎవరు తీసుకుంటారు, ఎప్పటికల్లా? మూడోదానికి ‘ప్రస్తుతానికి రెండూ చూడండి’ అంటారు చూడండి, అక్కడ మాత్రం మెత్తబడకండి. సెషన్ నడుస్తుండగా డేటా గడువులు రెండు వచ్చి మీద పడితే ఏ పనీ సరిగ్గా సాగదు. కొత్త మనిషికి నేర్పడానికి మీకు ఎండాకాలం సరిపోతుంది. అక్టోబర్ నుంచి మీరు రోడ్డు మీద ఉండాలి.